రంగుల వైద్యుడు పాల్ ఎర్లిక్

నారాయణపేట చీరలు నేయు ఊళ్లలో పోగులకు రంగు వేయువారికి ఒక సంగతి చక్కగా తెలియును. పట్టునకు పట్టిన రంగు నూలునకు పట్టదు. నూలుపై నిలిచిన రంగు పట్టుపై అంతగా నిలువదు. ఒకే కాగులో రెండు విధముల పోగులను ముంచి, తీసి, మంచినీట జాడించినచో ఒకటి నిగనిగలాడుచు పైకి వచ్చును. రెండవది తన రంగును నీటికే విడిచి వెలవెలబోవును. కాగులోని రంగు ఒక్కటే. భేదమంతయు పోగులలోనే యున్నది. ఏ రంగు దేనిని పట్టుకొనును, ఏల పట్టుకొనును అను నీ చిన్న ప్రశ్నను నలువది యేండ్ల పాటు విడువక, దాని వెంట నడచి నడచి మనుష్యుని రక్తములోని రహస్యములను, ఘోరవ్యాధులకు మందులను కనుగొనినవాడు పాల్ ఎర్లిక్.

ఎర్లిక్ 1854వ సంవత్సరము మార్చి 14వ తేదీన స్ట్రేలెన్ అను చిన్న పట్టణమున జన్మించెను. ఆ పట్టణము ఆనాడు జర్మనుల యేలుబడిలోని సైలీషియా సీమలో నుండెడిది. నేడు పోలండు దేశములో చేరియున్నది. తండ్రి ఇస్మార్ ఎర్లిక్ సత్రము నడపుచు, మద్యము కాచుచు, ప్రభుత్వపు లాటరీ చీట్లు వసూలు చేయుచుండెడివాడు. తల్లి పేరు రోజా. వారిది యూదుల కుటుంబము. తల్లివైపు బంధువు, తనకంటె తొమ్మిదేండ్లు పెద్దవాడైన కార్ల్ వైగర్ట్, శరీరభాగములను పలుచని పొరలుగా కోసి వానికి రంగులు వేసి సూక్ష్మదర్శినిలో చూచు విద్యలో ఆరితేరినవాడు. చిన్ననాడు ఎర్లిక్ ఆ వైగర్ట్ వెంట తిరిగి గాజుపలకలపై రంగులు విచ్చుకొనుట చూచెను. ఆ చూపు మరి మరలలేదు.

ఆ కాలము రంగుల కాలము. 1856లో పదునెనిమిదేండ్ల పెర్కిన్ అను ఆంగ్లేయ బాలుడు తారునుండి క్వినైను చేయబోగా, మందు రాలేదు గాని కన్నులు చెదరు ఊదారంగు వచ్చెను. అటుపిమ్మట తారునుండి అనిలిను రంగులు వందలకొలదిగా పుట్టుకొనివచ్చెను. జర్మనీలో వానిని చేయు పెద్ద కర్మాగారములు వెలసెను. వర్తకులు వానిని బట్టలకు వాడుకొనిరి. వైగర్ట్ వంటివారు వానినే సూక్ష్మజీవులకును, శరీరకణములకును వేసి చూచిరి.

బ్రెస్లావు పట్టణపు పాఠశాలలో ఎర్లిక్ లాటిను భాషయందు, గణితమునందు మంచివాడే గాని, పరీక్షలన్నచో అతనికి గిట్టదు. వ్యాసరచన యన్నచో ఇంకను గిట్టదు. జీవితమొక స్వప్నము అను విషయముపై వ్యాసము వ్రాయుమని ఉపాధ్యాయుడు అడుగగా, జీవితమనగా శరీరములో జరుగు దహనక్రియ యనియు, స్వప్నమనగా మెదడు వెలుగుట యనియు వ్రాసి తక్కువ మార్కులు తెచ్చుకొనెనని చెప్పుదురు. ఆ వ్యాసమును దిద్దిన ఉపాధ్యాయుని నిందింపబనిలేదు. నావంటి ఉపాధ్యాయులకు అట్టి సమాధానము చేతికి వచ్చినప్పుడు ఏమి చేయవలెనో తోచదు. వైద్యవిద్యకై బ్రెస్లావు, స్ట్రాస్‌బర్గు, ఫ్రైబర్గు, లైప్‌జిగు విశ్వవిద్యాలయములు తిరిగెను. స్ట్రాస్‌బర్గులో అతడు కూర్చుండు బల్ల ఎఱుపు, నీలము, పసుపు మరకలతో నిండి హోలీ పండుగనాటి వాకిలి వలె నుండెడిదట. 1876లో రాబర్ట్ కోఖ్ అను వైద్యుడు బ్రెస్లావునకు రాగా, అచటి ఆచార్యుడొకడు రంగులపని చేయు ఎర్లిక్‌ను చూపి, ఇతడు రంగులు వేయుటలో నేర్పరియే గాని పరీక్షలు మాత్రము ఎన్నటికిని దాటజాలడని పరిచయము చేసెనని ప్రతీతి. 1878లో ఎర్లిక్ పరీక్షలు దాటెను. పట్టమునకై వ్రాసిన గ్రంథము రంగులను గూర్చినదే.

పట్టము పుచ్చుకొని బెర్లిను నగరములోని షారిటే అను పెద్ద ఆసుపత్రిలో చేరెను. అచ్చట అతడు చేసిన మొదటి గొప్ప పని రక్తమును గూర్చినది. అప్పటికి వైద్యులు రక్తములో ఎఱ్ఱకణములు, తెల్లకణములు అని తేడా తెలిసికొనిరి. తెల్లకణములలోని రకములను రూఢిగా వేరుపరచు ఉపాయము మాత్రము వారికి లేకుండెను. సూక్ష్మదర్శినిలో అవి మంచుబిందువుల వలె ఒక్కతీరున నుండెడివి. ఎర్లిక్ రక్తపుబొట్టును గాజుపలకపై పలుచగా పరచి, రాగిరేకుపై వేడిచేసి, పిమ్మట రంగులు వేసెను. ఆమ్లగుణము గల రంగును పట్టుకొను రేణువులు కొన్ని కణములలో నుండెను. క్షారగుణము గల రంగును పట్టుకొనునవి మరికొన్నిట నుండెను. రెండింటి కలయికను పట్టుకొనునవి అన్నిటికంటె ఎక్కువగా నుండెను. ఈ మూడు తెగలకు ఆయన పెట్టిన పేర్లే నేటికిని నిలిచియున్నవి. ఇయోసిను అను గులాబివన్నె రంగును పట్టుకొను కణములే ఇయోసినోఫిల్లులు. పిల్లవానికి తుమ్ములు, ఆయాసము వచ్చినప్పుడు మన తల్లులు ఇస్నోఫిలియా యని చెప్పుకొను మాట ఇందుండి వచ్చినదే. తాండూరు అంగడివీధిలోని రక్తపరీక్షాశాలలో నేడు చేతికిచ్చు కాగితమును తీసి చూడుడు. ఎర్లిక్ పెట్టిన పేర్లు అందు వరుసగా నుండును.

1882వ సంవత్సరము మార్చి 24వ తేదీ సాయంకాలమున బెర్లినులో రాబర్ట్ కోఖ్ పండితుల సభయెదుట నిలిచి, క్షయరోగమునకు కారణమైన సూక్ష్మజీవిని కనుగొంటినని ప్రకటించెను. శ్రోతలలో ఎర్లిక్ ఉండెను. ఆ జీవికి రంగు పట్టుట మిక్కిలి కష్టము. కోఖ్ పద్ధతి ఆలస్యముతో కూడినది. ఎర్లిక్ ఆ రాత్రియే ఇంటికి పోయి పనిలో దిగెను. రంగు వేసిన గాజుపలకలను ఆరుటకై చల్లారిన ఇనుపపొయ్యిపై నుంచి నిద్రపోయెననియు, తెల్లవారి పనికత్తె చూడక పొయ్యి రాజేసెననియు, కంగారుతో లేచి చూడగా ఆ వేడికి రంగు మునుపెన్నడును లేనంత చక్కగా పట్టియుండెననియు కథ కలదు. క్షయక్రిమి మైనపుపొరను కప్పుకొని యుండును. వేడి తగిలినప్పుడు రంగు ఆ పొరలోనికి చొచ్చుకొనిపోవును. అటుపై ఆమ్లముతో కడిగినను అది ఊడిరాదు. తక్కిన క్రిములన్నియు రంగును విడిచిపెట్టును. క్షయక్రిమి యొక్కటే విడువదు. జీల్, నీల్సన్ అను నిరువురు ఈ పద్ధతిని కొంత మార్చిరి. రోగి కళ్లెను గాజుపలకపై రాచి, ఎఱ్ఱరంగు వేసి, కాచి, ఆమ్లముతో కడిగి, నీలిరంగు వేసి చూచుచో నీలిభూమిపై సన్నని ఎఱ్ఱపుల్లలు కనబడును. అవియే క్షయక్రిములు. ఇంతకంటె సూక్ష్మమైన యంత్రములు వచ్చినను ఈ పరీక్ష నేటికిని మన ఆసుపత్రులలో జరుగుచున్నది.

క్షయ యన్న మాట వినగానే వికారాబాదు ప్రాంతపు వారికి అనంతగిరి జ్ఞప్తికి వచ్చును. మూసీనది పుట్టిన ఆ కొండలపై, చెట్లనడుమ, నిజాము కాలమునాటి క్షయరోగుల ఆసుపత్రి కలదు. దానిని ఊరికి దూరముగా కొండమీద ఏల కట్టిరో పిల్లలు అడుగుచుందురు. 1943లో స్ట్రెప్టోమైసిను అను మందు కనుగొనబడువరకు క్షయకు మందే లేకుండెను. స్వచ్ఛమైన గాలి, మంచి ఆహారము, విశ్రాంతి - ఇవియే చికిత్స. కలవారు పొడిగాలి వీచు దూరదేశములకు పోయెడివారు. లేనివారు దగ్గుచు ఇంటనే కన్నుమూసెడివారు.

క్షయక్రిమికి రంగు వేసి వేసి చూచిన ఎర్లిక్ 1888లో ఒకనాడు తన కళ్లెనే పరీక్షించుకొనవలసి వచ్చెను. తాను కనిపెట్టిన పద్ధతిలోనే, తన కన్నులతోనే, ఎఱ్ఱని పుల్లలను తన గాజుపలకపై చూచుకొనెను. అప్పటికి ఆయనకు వివాహమై అయిదేండ్లు. భార్య హెడ్విగ్, చిన్నపిల్లలు ఇరువురు కుమార్తెలు. ఆసుపత్రిలో ఆదరించిన పెద్దవైద్యుడు అప్పటికి మూడేండ్ల క్రిందటనే మరణించెను. కొత్తగా వచ్చిన అధికారికిని ఎర్లిక్‌నకును పొసగలేదు. ఉద్యోగము వదలుకొని భార్యతో ఈజిప్టు దేశమునకు పోయి, ఎడారి పొడిగాలిలో నుండి, 1889లో స్వస్థుడై తిరిగివచ్చెను. తిరిగివచ్చునప్పటికి కొలువు లేదు. ఒక చిన్న గదిని అద్దెకు తీసికొని, సొంత ధనముతో పరిశోధన సాగించెను. ఇట్టివానిని కోఖ్ మరువలేదు. తాను బెర్లినులో స్థాపించిన అంటువ్యాధుల సంస్థలో చోటిచ్చెను.

ఆ దినములలో ఆయన చేసిన ప్రయోగమొకటి మన పల్లెపిల్లలకు సులభముగా బోధపడును. ఏలయనగా ఆ ప్రయోగమునకు వాడిన విషములు మన చేలగట్లమీదివే. ఒకటి ఆముదపు గింజలోనిది. ఆముదము నూనెలో ఆ విషము చేరదు, నూనె తీయగా మిగిలిన పిండిలో నుండును. రెండవది గురివింద గింజలోనిది. కంసాలులు బంగారము తూచిన ఆ ఎఱ్ఱని అందమైన గింజ తన క్రింది నలుపెరుగదని సామెత. దాని కడుపులోని విషమును ఎరుగనివారు ఇంకను ఎక్కువ. పిల్లలు దానిని నమలరాదు. ఎర్లిక్ ఈ విషములను అణుమాత్రముగా రొట్టెముక్కలలో కలిపి ఎలుకలకు పెట్టెను. దినదినమును పాలు పెంచెను. కొన్ని వారములు గడచునప్పటికి, మామూలు ఎలుకను చంపు మోతాదునకు ఎన్నో రెట్లు పెట్టినను ఈ ఎలుకలు చావలేదు. అయితే ఆముదపు విషమునకు అలవాటుపడిన ఎలుకకు గురివింద విషము పెట్టగా అది చచ్చెను. గురివిందకు అలవాటుపడినది ఆముదపు విషముచే చచ్చెను. ఒక విషమునకు పుట్టిన విరుగుడు ఆ విషమునే పట్టుకొనును, వేరొకదానిని పట్టుకొనదు. పట్టునకు పట్టిన రంగు నూలునకు పట్టనట్లే. తల్లి ఎలుకలోని ఈ శక్తి పాలవెంట పిల్లలకు సంక్రమించుటయు ఆయన చూపెను. ఆ విరుగుడు పదార్థములనే మనము నేడు ప్రతిరక్షకములని పిలుచుచున్నాము.

ఇదే కాలమున బేరింగ్, కిటసాటో అను పండితులు డిఫ్తీరియా యనబడు కంఠసర్పికిని, ధనుర్వాతమునకును ప్రతిరక్షకములను జంతువుల రక్తములో పుట్టించవచ్చునని చూపిరి. కంఠసర్పి పసిపిల్లల వ్యాధి. గొంతులో బూడిదవన్నె పొర కట్టి, ఊపిరి ఆడక, తల్లి ఒడిలోనే బిడ్డ ప్రాణము విడిచెడిది. గుఱ్ఱమునకు ఆ విషమును కొంచెము కొంచెముగా ఎక్కించి, దాని రక్తపు రసమును తీసి బిడ్డకు సూదిద్వారా ఎక్కించిన బ్రతుకును. అయితే ఒక గుఱ్ఱపు రసము పనిచేసెడిది, మరొకదానిది నీరుగారెడిది. ఎంత ఇయ్యవలెనో ఎవరికిని తెలియదు. దానిని సరిచేసినవాడు ఎర్లిక్. ఎలుకలపై నేర్చిన రీతిగా విషమును క్రమముగా పెంచి గుఱ్ఱములలో గట్టి రసము పుట్టించెను; దాని బలమును కొలుచుటకు ఒక కొలత ఏర్పరచెను. కంసాలికి త్రాసెంతయో వైద్యునికి ఆ కొలత అంత. 1894లో బెర్లిను ఆసుపత్రులలో 220 మంది పిల్లలకు ఇచ్చి ఆయనయు సహచరులును ఫలితములు ప్రకటించిరి. తరువాత అంతర్జాతీయముగా అంగీకరించిన కొలతకు ఎర్లిక్ కొలతయే మూలము. 1896లో ప్రభుత్వము ఇట్టి రసములను పరీక్షించుటకు బెర్లిను చెంతనున్న స్టెగ్లిట్సులో ఆయన కొఱకు ఒక సంస్థను పెట్టెను. సంస్థ యన్నచో మేడ కాదు. పాత రొట్టెల బట్టీ, దాని ప్రక్క గుఱ్ఱపుశాల. సొమ్ము పంపకము విషయమై బేరింగునకును ఆయనకును చిరకాలపు మైత్రి చెడెను. 1901లో మొదటి నోబెలు వైద్యబహుమానము బేరింగునకే వచ్చెను.

ప్రతిరక్షకములు ఎచ్చటినుండి వచ్చును? 1897లో ఎర్లిక్ దీనికొక సమాధానము చెప్పెను. ప్రతి కణము పైభాగమునను చేతులవంటివి అనేకములు కలవు. ఒక్కొక్క చేయి ఒక్కొక్క పదార్థమునే పట్టుకొనగలదు. విషము కణమునకు హాని చేయవలెనన్నచో ముందుగా దానికి సరిపోవు చేతిని పట్టుకొనవలెను. పట్టుకొననిది ఏమియు చేయజాలదు. విషము చేతిని ఆక్రమించినప్పుడు కణము కొత్త చేతులను మొలిపించుకొనును. మన తాండూరు రైతు కంది మొక్క తల త్రుంచినచో ఒకటికి నాలుగు కొమ్మలు వేయునుగదా, అట్లే కణము పోయినదానికంటె మిక్కుటముగా మొలిపించును. అధికమైనవి ఊడి రక్తములో తేలును. అవే ప్రతిరక్షకములు. గాయపడిన అవయవము పోయినదానికంటె ఎక్కువ పెంచుకొనునన్న ఊహ చిన్ననాటి గురువు వైగర్టుది. ఈ చేతులకు కొలది కాలములోనే గ్రాహకములను పేరు వచ్చెను. 1900లో లండను రాయల్ సొసైటీ సభలో ఎర్లిక్ ఈ సంగతిని బొమ్మలు గీచి వివరించెను. కణమునకు కొక్కెములు, గిన్నెలు, కత్తెరలు మొలిచినట్లుండు ఆ బొమ్మలను చూచి పండితులు కొందరు నవ్విరి. బెల్జియము శాస్త్రజ్ఞుడు బోర్డే మొదలగువారు గట్టిగా వాదించిరి. ఎవరును చూడని చేతులకు ఆకారములు గీచుట ఏమి శాస్త్రమని వారి అభ్యంతరము. అందు న్యాయము లేకపోలేదు. ఏ కణమైనను ప్రతిరక్షకములను చేయునన్న ఎర్లిక్ తలంపు నిలువలేదు. వానిని చేయుట తెల్లకణములలో ఒక తెగకే చెల్లునని తరువాత తేలెను. కాని విషమును కలియకమునుపే గ్రాహకములు కణముపై సిద్ధముగా నుండునన్న మూలభావము నిలిచెను.

ఎర్లిక్ కథను ఇచ్చట కొంచెము ఆపి, ఆ కానరాని గ్రాహకములు తరువాతివారికి ఎట్లు కానవచ్చెనో చెప్పవలసియున్నది. 1882లో ఎర్లిక్ కుందేలు దేహములోనికి ఫ్లోరిసీను అను రంగు ఎక్కించి, కంటిలో నీరు కదలు తీరును చూచెను. వెలుతురు పడగానే ఆకుపచ్చగా మెరయుట ఆ రంగు స్వభావము. ఎర్లిక్ చేతిలో ఒకవైపు మెరయు రంగు, ఒకవైపు ప్రతిరక్షకము, నడుమ గ్రాహకమను ఊహ ఉండెను. ఆ మూడింటిని ముడివేయుట మాత్రము ఆయన జీవితకాలమున జరుగలేదు. 1941లో అమెరికాలో ఆల్బర్ట్ కూన్స్ అను వైద్యుడు ప్రతిరక్షకమునకే మెరయు రంగును అంటించెను. అది వెదకి పట్టుకొనిన చోటెల్ల వెలిగెను. 1975లో కోలర్, మిల్‌స్టీన్ అను నిరువురు ఒక్క గ్రాహకమును మాత్రమే పట్టుకొను ప్రతిరక్షకమును కావలసినంత తయారుచేయు ఉపాయము కనుగొనిరి. ఈలోగా అమెరికాలో స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయపు హెర్జెన్‌బర్గ్ మొదలగువారు కణములను ధారలో ప్రవహింపజేసి లెక్కించి వేరుచేయు యంత్రమును నిర్మించిరి. దానిని ఫ్లో సైటోమీటరు అందురు.

ఆ యంత్రము పనిచేయు తీరు తాండూరు పిల్లలకు చెప్పుట తేలిక. నేటి పప్పుమిల్లులలో సార్టెక్సు యంత్రమును చూడుడు. కందిపప్పు గింజలు సన్నని వాలుపై బారులుదీరి జారిపడుచుండును. కాంతి వానిపై పడును. యంత్రపు కన్ను ఒక్కొక్క గింజ రంగును చూచి, నల్లగింజ రాగానే గాలి యూది ప్రక్కకు నెట్టివేయును. రక్తపరీక్షాయంత్రములో గింజలకు బదులు రక్తకణములు. ముందుగా రక్తములో, వెదకుచున్న గ్రాహకమునకు సరిపడు ప్రతిరక్షకములను మెరయు రంగుతో సహా కలుపుదురు. ఆ గ్రాహకము గల కణములపై అవి అంటుకొనును, లేనివానిపై అంటవు. పిమ్మట కణములు సన్నని నీటిధార నడుమ ఒకదానివెంట నొకటి నడచుచు లేజరు కిరణము ముందునుండి పోవును. రంగు అంటిన కణము క్షణమాత్రము వెలుగును. యంత్రము లెక్క వ్రాసికొనును. ఒక్క సెకనులో వేలకొలది కణములు ఇట్లు గడచిపోవును. పెద్ద పరిశోధనాశాలలలోని యంత్రములు గింజలను వేరుచేసినట్లే కణములను వేరు పాత్రలలోనికి మరలింపగలవు. ఆసుపత్రులలో సామాన్యముగా లెక్కించుటతో సరిపెట్టుకొందురు.

ఇది యెవరికి పనికివచ్చును? వికారాబాదులోనో తాండూరులోనో ఒక బిడ్డకు జ్వరము తగ్గక, ఒంటిపై కమిలిన మచ్చలు లేచి, రక్తములో తెల్లకణములు విపరీతముగా పెరిగినవనుకొందము. అది రక్తపు కాన్సరని వైద్యుడు అనుమానించును. సూక్ష్మదర్శినిలో ఆ కణములన్నియు ఒక్కతీరున కనబడును. ఏ తెగ కణములు చెడినవో తెలియనిదే సరియైన మందు ఇయ్యరాదు. అట్టివేళ రక్తపు గొట్టము హైదరాబాదునకు పోవును. పెద్ద ఆసుపత్రి ప్రయోగశాలలో రంగు ప్రతిరక్షకములు ఆ కణములపైనున్న గ్రాహకములను ఒక్కొక్కటిగా పేరుపెట్టి పిలుచును. హెచ్.ఐ.వి. సోకినవారి విషయములోను అంతే. ఆ వైరసు తెల్లకణములలో ఒక తెగపైనున్న సి.డి.4 అను గ్రాహకమును పట్టుకొనియే లోనికి చొరబడును. పట్టు దొరకని కణమును అది తాకదు. ఆరోగ్యవంతుని రక్తమున ఘన మిల్లీమీటరునకు అట్టి కణములు సుమారు 500 మొదలు 1500 వరకు నుండును. ఆ లెక్క ఎంతకు దిగినదో చూచి రోగి బలమును వైద్యుడు అంచనా కట్టును.

మరల ఎర్లిక్ వద్దకు పోదము. 1899లో ఆయన సంస్థ ఫ్రాంక్‌ఫర్టు నగరమునకు తరలెను. అచ్చటి జీవితమును గూర్చి వినోదకరమైన సంగతులు చాల కలవు. ఆయన గదిలో కుర్చీలపై, సోఫాపై, నేలపై పుస్తకములే. వచ్చినవారికి కూర్చుండ చోటు దొరకదు. రంగురంగుల పెన్సిళ్లతో చిన్న కాగితపు ముక్కలపై సహాయకులకు మరునాటి పని వ్రాసి పంపెడివాడు. కాగితము దొరకనిచో చొక్కా ముంజేతిపై, బల్లపై పరచిన గుడ్డపై వ్రాసెడివాడు. చుట్టలు దినమునకు ఇరువదియైదు కాల్చుట ఆయన దురలవాటు. చుట్టల పెట్టె చంకనుండి దిగెడిది కాదు. ఆ పొగ ఆయన ఆయుస్సును కొంత తినియే యుండవచ్చును. 1908లో నోబెలు బహుమానము ఆయనకును రష్యా దేశీయుడైన మెచ్నికోవ్‌నకును కలిపి యిచ్చిరి. రోగమును ఎదిరించునది రక్తములోని ప్రతిరక్షకములని ఎర్లిక్ పక్షము. క్రిములను మ్రింగు కణములని మెచ్నికోవ్ పక్షము. ఇరువురి వాదములందును సత్యము కలదని నేడు ఎల్లరును అంగీకరింతురు.

ఎర్లిక్ మనస్సు అంతటితో నిలువలేదు. రంగు క్రిమిని పట్టుకొనును గదా. క్రిమిని పట్టుకొని, మనుష్యుని కణములను పట్టుకొనక, క్రిమిని మాత్రమే చంపు రంగు దొరకదా? రామబాణము గుఱిని దప్పక తాకినట్లు రోగమునే తాకు మందు కావలెనని ఆయన కోరిక. 1891లోనే మిథిలీను నీలమను రంగును మలేరియా రోగులు ఇరువురికి ఇచ్చి గుణము చూచియుండెను. 1904లో జపాను పండితుడు షిగాతో కలిసి ట్రిపాను ఎఱుపు అను రంగుతో ఎలుకలలో నొక వ్యాధిని కుదిర్చెను. 1906లో ఫ్రాన్సిస్కా స్పేయర్ అను సంపన్నురాలు తన భర్త పేర ధనమిచ్చి ఆయనకు ప్రత్యేక పరిశోధనాలయము కట్టించెను. అచ్చట పాషాణపు సమ్మేళనములను వందలకొలది తయారుచేసి, ఒక్కొక్కదానికి సంఖ్య వేసి, జంతువులపై పరీక్షింపసాగిరి.

ఆ కాలమున సవాయి అను వ్యాధి లోకమును పీడించుచుండెను. అది ఎముకలను, మెదడును తినివేసి, తల్లి గర్భములోని శిశువునకు సైతము సోకెడిది. పాదరసముతో చేయు చికిత్స రోగమంత క్రూరమైనది. 1909లో జపానునుండి వచ్చిన సహచిరో హాటాకు ఎర్లిక్ పాత సమ్మేళనములన్నియు మొదటినుండి మరల పరీక్షింపుమని చెప్పెను. 606 అను సంఖ్య గలది మునుపొక సహాయకుడు పనికిరాదని ప్రక్కన బెట్టినది. హాటా దానిని సవాయి సోకిన కుందేళ్లకు ఇచ్చెను; పుండ్లు మానెను. ఎర్లిక్ ఆనందించెను గాని తొందరపడలేదు. 1910 ఏప్రిలులో వైద్యుల మహాసభలో ప్రకటించిన పిమ్మటను, అమ్మకమునకు విడువక, 65,000 మోతాదులను వైద్యులకు ఉచితముగా పంచి, ఒక్కొక్కరి అనుభవమును తెప్పించుకొని చదివెను. ఆ యేడు చివర అది సాల్వర్సాను అను పేర అంగడికి వచ్చెను.

మందు వచ్చుటతో ఆయనకు శాంతి పోయెను. గాలి తగిలిన అది చెడిపోవును; కరిగించుటలో పొరబడిన విషమగును. ఆయన వ్రాసిన సూచనలను పాటింపక సూది వేసిన చోట రోగులు బాధపడిరి; కొందరు మరణించిరి. ప్రతి మరణవార్తయు ఆయనను కలచివేసెను. మందును మెరుగుపరచి 1912లో నియోసాల్వర్సానును తెచ్చెను. అయినను పత్రికలలో నిందలు మొదలయ్యెను. లాభము కొఱకు ప్రజలను చంపుచున్నాడనిరి. ఆయన యూదుడగుట కొందరి ద్వేషమునకు నేయి పోసెను. ఆ వ్యాధి పాపమునకు దైవమిచ్చిన శిక్షయనియు, దానిని కుదుర్చుటయే తప్పనియు అన్నవారును కలరు. 1914లో ఫ్రాంక్‌ఫర్టు ఆసుపత్రిపై అపవాదులు ప్రచురించిన పత్రికావ్యక్తిపై న్యాయస్థానమున అభియోగము నడచెను. ఎర్లిక్ సాక్షిగా నిలిచెను. నిందించినవానికి ఒక సంవత్సరము కారాగారశిక్ష పడెను. కాని ఎర్లిక్ దేహము అప్పటికే శిథిలమైయుండెను.

ఆ వేసవియే మొదటి ప్రపంచయుద్ధము వచ్చెను. అన్యదేశములలోని మిత్రులతో ఉత్తరములు తెగిపోయెను. 1915వ సంవత్సరము ఆగస్టు 20వ తేదీన బాద్ హోంబుర్గ్ అను ఊర, విశ్రాంతికై పోయియుండగా, ఎర్లిక్ మరణించెను. ఫ్రాంక్‌ఫర్టులోని యూదుల శ్మశానవాటికలో ఆయన సమాధి కలదు.

ఆయన పేర ఆ నగరమున నొక వీధి యుండెను. నాజీలు అధికారమునకు వచ్చిన పిమ్మట యూదుని పేరని దానిని తొలగించిరి. వృద్ధురాలైన హెడ్విగ్ దేశము విడిచి స్విట్జర్లాండునకును, అటనుండి అమెరికాకును పోయి, 1948లో అచ్చటనే కన్నుమూసెను. యుద్ధము ముగిసినపిదప వీధికి మరల ఆ పేరే పెట్టిరి. జర్మను ప్రభుత్వము రెండువందల మార్కుల నోటుపై ఆయన చిత్రమును ముద్రించెను. యూరో నాణెము వచ్చువరకు అది చెలామణిలో నుండెను. రొట్టెల బట్టీలో మొదలైన ఆ సంస్థకు 1947లో పాల్ ఎర్లిక్ సంస్థయని పేరు పెట్టిరి. ఫ్రాంక్‌ఫర్టు దగ్గరి లాంగెన్ అను పట్టణమున నేటికిని అది పనిచేయుచున్నది. టీకాలు, రక్తరసములు పిల్లల ఒంటిలోనికి పోవుటకు ముందు వాని బలమును, శుద్ధిని అచ్చట కొలుచుచుందురు.